ఇల్లు ముందు, మనిషి తర్వాత

ఆగండి, చేతిలో ఉన్న పని కాసేపు పక్కన పెట్టి ఇలా కూర్చోండి, ఈ సంగతి విని వెళ్దురుగాని. ఇందులో హత్య లేదు, కొట్లాట లేదు. దొంగతనం ఉందో లేదో మాత్రం విన్నాక మీరే చెప్పాలి.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం, మాఘమాసం, ఆదివారం మధ్యాహ్నం. జంషెడ్‌పూర్ కద్మాలో కంపెనీ క్వార్టర్ల వరసలో ఒక ఇంటి ముందుగది. మంచం మీద ఉతికిన దుప్పటి, దాని మీద కాళ్ళు పైకి పెట్టుకుని బర్మామైన్స్ పేట జోగమ్మ, పక్క కుర్చీలో ఆవిడ కొడుకు వెంకటరావు. వెంకటరావుది టాటానగర్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఉద్యోగం. ఆయన కొడుకు ఆదిబాబు లోకోషెడ్‌లో ఫిట్టరు. ఆ ఆదిబాబుకి ఈ ఇంటి పిల్ల సూర్యకాంతాన్ని అడగడానికి వచ్చారు. అడగడమన్నది పేరుకే, వాళ్ళిద్దరూ ఎప్పుడో తేల్చేసుకున్నారు. రామనవమి పందిట్లో పానకం గ్లాసు దగ్గర మొదలైన చూపులు బిష్టుపూర్‌లో ఆ పిల్ల టైపు నేర్చుకునే ఇన్‌స్టిట్యూట్ మెట్ల దాకా వచ్చేశాయి, ఇక పెద్దవాళ్ళు ఊ అనడమే తరువాయి.

ఇంటాయన ధర్మరాజు తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కంపెనీలో కోక్ బట్టీల దగ్గర పని. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో తారు పోదు, అందుకని వియ్యాలవారి ముందు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఈ సంబంధం మాట కలిపిన గోవిందరావు గడప మీదే నిలబడి నవ్వుతున్నాడు. అదే వరసలో రెండిళ్ళ అవతల ఉంటాడు, కంపెనీలో హాజరు రాసే టైమ్ ఆఫీసులో గుమాస్తా.

"పకోడీలో వాము ఏసినావేటే సన్యాసమ్మా" అంది జోగమ్మ, పళ్ళెం పట్టుకొచ్చిన ఇంటావిడతో.

"ఏసినాను పెద్దమ్మా. మీకు పడదేటి?"

"పడకేం. మా ఇంట్లో ఎవుళ్ళూ ఎయ్యరు. ఈ గుంట వచ్చి ఏత్తాదిలే." లోపల తలుపు చాటున గాజుల చప్పుడయింది. అందరూ నవ్వారు.

వెంకటరావు టీ ఊదుకుంటూ, "బావా, ముహూర్తం వైశాఖంలో పెట్టుకుంటే నాకు లీవు దొరుకుతాది" అన్నాడు. ధర్మరాజు తలూపాడు. ఆ 'బావా' అన్న పిలుపుకే ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంటి గడప దాటితే ఊళ్ళో ఇన్నేళ్ళుగా 'ఏ రాజూ' అని పిలిచేవాళ్ళే గాని బావా, తమ్ముడూ అని పిలిచేవాళ్ళు లేరు మరి.

జోగమ్మ గ్లాసు ఎత్తి ఆఖరి గుక్క తాగబోతూ ఆగింది.

"అన్నీ అడిగినాను, అసలుది అడగనేదు చూడు. అల్లుడా, మీ ఇంటిపేరేటి?"

అక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ ఊళ్ళో అడిగేది 'టైటిల్ క్యా హై' అని. పేరులో ఆఖరి ముక్క ఏదైతే అదే టైటిల్. మన వెంకటరావులూ గోవిందరావులూ అందరూ కలిసి రావ్‌లు అయిపోతారు, సూర్యకాంతమైతే బళ్ళో సూర్యకాంతం రాజు అయి కూర్చుంది. అసలు ఇంటిపేరు అరిగి అరిగి ముందు ఒక్క అక్షరమై మిగులుతుంది. పి. వెంకటరావు, పి. ధర్మరాజు. ఆ పి అంటే పొన్నాడో, పైడో, పిల్లావారో, ఎవరికి కావాలి?

ధర్మరాజు నోరు తెరిచేలోపే గోవిందరావు అందుకున్నాడు. "పేడాడ వారండీ. పేడాడ ధర్మరాజు. నా చేత్తో నేను ఎన్నిసార్లు రాశానో."

జోగమ్మ గ్లాసు కింద పెట్టింది. చీర కొంగుతో మూతి తుడుచుకుంది. కొడుకు వైపు చూసింది. వెంకటరావు కుర్చీలో ముందుకు జరిగి మళ్ళీ వెనక్కి జరిగాడు.

"మాదీ పేడాడే" అంది జోగమ్మ.

సన్యాసమ్మ పకోడీల పళ్ళెం పట్టుకుని మొగుడి వైపు చూసింది. కన్ను ఆర్పకుండా చూసింది. ధర్మరాజు నేల చూశాడు.

"ఒక ఇంటిపేరోళ్ళంటే అన్నాసెల్లెళ్ళు. ఇంకేటి మాటాడతాం" అంది జోగమ్మ, కోపంగా కాదు, దిగులుగానే. మంచం దిగి లోపలికెళ్ళి సూర్యకాంతం తల మీద చెయ్యి పెట్టింది. "మనవరాలివే అయిపోనావమ్మా, మరోలా అవుదామనుకుంటే" అని తను తెచ్చిన అరటిపళ్ళు ఆ పిల్ల చేతుల్లో పెట్టేసింది.

వెంకటరావు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగి, ఏమనాలో తెలీక, "వత్తాను తమ్ముడా" అన్నాడు.

బావా అన్న నోటితోనే. ధర్మరాజు చెయ్యి ఎత్తి దండం పెట్టబోయి, గోళ్ళు గుర్తొచ్చి దించేశాడు.

*

సాయంత్రం సన్యాసమ్మ పెరటి కొళాయి దగ్గర గ్లాసులు తోముతూంది. బూడిద ఎక్కువ పోసి తోముతూంది, ఆ గ్లాసుల మీద కసి ఉన్నట్టు. ధర్మరాజు గడప మీద కూర్చుని రేపటి డ్యూటీకి ముఖానికి కట్టుకునే గమ్ఛా తువ్వాలు తీసి మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెడుతున్నాడు.

"బావా, నోట్లో ఏటి అడ్డమొచ్చింది నీకు?"

ఆయన గమ్ఛా మళ్ళీ విప్పాడు.

"మాది పేడాడ కాదు పెద్దమ్మా అంటే పోయీదేటి?"

"గోవిందరావు ఎదురుగుండా అనమంటావేటి? ఆడు టైమాఫీసు."

"మాఁ, క్యా బోల్ రహీ హో?" సూర్యకాంతం గుమ్మంలో నిలబడింది. అరటిపళ్ళు ఇంకా చేతిలోనే ఉన్నాయి, కళ్ళు వాచిపోయాయి. "మనది పేడాడ కాదా?"

సన్యాసమ్మ గ్లాసు కడగడం ఆపలేదు. "మీ నాన్నను అడుగు."

ఇక చెప్పక తప్పలేదు. ధర్మరాజు గమ్ఛా వైపు చూస్తూనే చెప్పాడు. "ధర్మరాజు అని మా పక్కూరోడు. ఇద్దరం కలిసే వచ్చినాం. ఆణ్ణి పనిలో పెట్టుకున్నారు, నన్ను వద్దన్నారు. గేటుకాడ చూపించే నంబరు బిళ్ళ ఇచ్చినారు ఆడికి. బట్టీకాడ ఏడికి తాళలేకపోనాడు. రెండ్రోజులకే గేటుకాడ ఆ బిళ్ళ నా చేతిలో పెట్టీసి, నువ్వు లోనకి పో, నానింటికి పోతన్నానన్నాడు. నాను లోనకి పోనాను. ధర్మరాజూ అని కేకేసినారు. పలికినాను."

"ఫిర్? తర్వాత?"

"ఫిర్ ఏటుంది? అప్పుటినుంచి పలుకుతనే ఉన్నాను."

సూర్యకాంతం నవ్వబోయింది, నవ్వు రాలేదు. "తో మేరా టైటిల్ క్యా హై?"

"సనపల. మీ నాన్నది సనపలోరిల్లు" అంది సన్యాసమ్మ. తడి చేతులతోనే వచ్చి కూతురు పక్కన గోడకి ఆనుకుంది. "మీ నాయనమ్మకి ముందు పుట్టినోళ్ళు నిలవనేదు. అసిరితల్లి గుడికాడ కొంగు పరుచుకుని పడుకుందట. ఈసారి కడుపున పడ్డోడు నీవోడే, నీ పేరే పెడతాను, నాకు ఉంచీ తల్లీ అందట. ఆ తల్లి మనిషిని ఉంచింది. మనిషే పేరుని ఉంచుకోనేదు."

"ఉంచుకునుంటే తిండేటి?" అన్నాడు ధర్మరాజు. "ఈ క్వార్టరు ఎవుడిది? ధర్మరాజుది. రేషను ఆడిది, ఆస్పత్రిలో మందు ఆడిది. నీ మెళ్ళో పుస్తె తప్ప ఈ ఇంట్లో నా పేరు మీద ఒక్క వస్తువు నేదు సన్యాసీ."

"ఆ పుస్తె పేరు చెప్పుకునైనా ఎల్లి నిజం చెప్పు. పిల్ల ముఖం చూడు."

ఆయన చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. సొంత ఊరివైపు వాళ్ళు ఎక్కువని బర్మామైన్స్‌లో ఇల్లు తీసుకోకుండా కద్మాకి వచ్చినవాడు, బజార్లో తమవైపు యాస వినపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాడు, అమ్మ పోయిందని కబురొస్తే ఒక్కడే వెళ్ళి ఒక్కడే వచ్చినవాడు. ఇన్నేళ్ళు ఇంత జాగ్రత్తగా కట్టుకున్న గోడకి ఒక ముసలావిడ పకోడీ తింటూ చెయ్యి ఆనిస్తే బీట పడింది.

*

మర్నాడు పొద్దుటి షిఫ్టు. కోక్ బట్టీలంటే ఇటుకతో కట్టిన పొడుగాటి కొట్లు, వరసగా ఒకదాని పక్కన ఒకటి, లోపల బొగ్గు మగ్గుతూ ఉంటుంది. ధర్మరాజు పని తలుపుల దగ్గర. బొగ్గు నింపి ఇనప తలుపు బిగించాక, తలుపుకీ గోడకీ మధ్య సందులో తడిమట్టి పుయ్యాలి. చేత్తో ముద్ద తీసి సందులో కొట్టి బొటనవేలితో అదిమి, పైనించి కింది దాకా ఒక్క వెంట్రుకవాసి కూడా వదలకుండా. ఎక్కడైనా వదిలితే అక్కడ్నించి పసుపుపచ్చ పొగ చీలికలా వస్తుంది, నిప్పు తగిలితే మండుతుంది. చెప్పులకి చెక్క అడుగు లేకపోతే ఆ వేడి నేలకి పాదం అంటుకుపోతుంది. ధర్మరాజు పూసిన తలుపు పొగ వదలదని ఆ వరసలో అందరికీ తెలుసు, కొత్తగా వచ్చినవాళ్ళని ఆయన పక్కన నిలబెట్టి చూసి నేర్చుకోమంటారు.

ఆ రోజు రెండు తలుపులు పొగ వదిలాయి.

"ఏ రాజూ, ధ్యాన్ కహాఁ హై?" అని పైనుంచి మేస్త్రీ అరిచాడు. ధర్మరాజు మట్టిముద్ద పట్టుకుని పొగ వస్తున్న చోటికి పరిగెత్తాడు. అదిమాడు. అక్కడ ఆగి ఇంకోచోట వచ్చింది. అక్కడా అదిమాడు.

షిఫ్టు దిగి గేటు దగ్గరికి వస్తే గోవిందరావు ఎదురుచూస్తున్నాడు. మనిషి మంచివాడు, ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు వచ్చేవాడు, కాని నోరు ఊరుకోదు.

"బాధపడకు రాజూ. ఖరగ్‌పూర్‌లో ఇంకో సంబంధం ఉంది. ఈసారి ముందే ఇంటిపేరు అడిగాను, మజ్జివారట. ఏం పేచీ లేదు."

ధర్మరాజు సైకిలు తాళం తీస్తూ, అటే చూస్తూ అడిగాడు. "గోవిందరావ్, ఒకేళ ఆఫీసులో ఇంటిపేరు తప్పుగా ఎక్కిందనుకో. మార్చుకోవచ్చా?"

"మార్చుకోవచ్చు. కోర్టులో అఫిడవిట్ రాసిస్తే సరి. అయితే నీ ఊరికి రాస్తారు, కరణాన్ని అడుగుతారు, ఈయన ఈయనేనా అని. ఎందుకు?"

"ఊరికినే."

"ఊరికినే అడిగితే బంగారురాజు సంగతి చెప్తా. మొన్నామధ్య వాణ్ణి పట్టుకున్నారు తెలుసా? బావమరిది పేరు మీద చేస్తున్నాడు. ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాసి పడేశాడు. బిళ్ళ లాక్కుని గేటు బయటికి పంపించేశారు, క్వార్టరు ఖాళీ చేయించారు, కేసు కూడా పెట్టారు. పెళ్ళాం పిల్లలు సామాను రిక్షాలో పెట్టుకుని మన వరస ముందు నుంచే వెళ్ళలేదూ. ఆ కాగితం నా బల్ల మీదకే వచ్చింది. నేనే నోట్ పెట్టాను పైకి. ఏం చెయ్యను, నా సంతకం లేకపోతే నా ఉద్యోగం పోద్ది."

గోవిందరావు ఆ మాట చెప్తూ నిజంగానే బాధపడ్డాడు. ధర్మరాజు సైకిలు ఎక్కకుండా ఇంటి దాకా నడిపించుకుని వచ్చాడు.

ఇంట్లో సూర్యకాంతం అన్నం తినలేదు. ఇన్‌స్టిట్యూట్‌కీ వెళ్ళలేదు. ఆదిబాబు ఎవరి చేతో కబురు పంపాడట, మెట్ల దగ్గరికి రమ్మని. ఈ పిల్ల, "భాయ్ హై అబ్, అన్నతో ఏం మాట్లాడాలి" అని కబురు తిప్పి పంపింది. ఆ మాట సన్యాసమ్మ మొగుడికి అన్నం వడ్డిస్తూ చెప్పింది, చెప్పి గరిటె గిన్నెలో పడేసింది.

ధర్మరాజు ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకోలేదు.

"రేపు షిఫ్టు దిగినాక బర్మామైన్స్ పోదాం" అన్నాడు.

*

బర్మామైన్స్ సందులో జోగమ్మ వాళ్ళ ఇల్లు రైలుపట్టాలకి ఆనుకునే ఉంది. వీళ్ళు వెళ్ళేసరికి జోగమ్మ వాకిట్లో కూర్చుని బొగ్గుపొడిలో మట్టీ నీళ్ళూ కలిపి, పొయ్యిలోకి ఉండలు చేస్తూంది. నల్లటి ఉండలు వరసగా ఎండకి పెట్టి ఉన్నాయి. వెంకటరావు డ్యూటీకెళ్ళాడు. మరెవరూ లేరు.

"రా కొడుకా" అంది, ఆ మాట ఎంత మామూలుగా అన్నా ధర్మరాజుకి చెంప మీద కొట్టినట్టే ఉంది. ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలీక తనూ ఒక ముద్ద తీసుకుని ఉండ చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూ చుడుతూ అంతా చెప్పేశాడు. గేటు, బిళ్ళ, ధర్మరాజు వెళ్ళిపోవడం, తను పలకడం. ఒక గూడ్సు బండి వచ్చింది, అది పోయేదాకా ఆగి మిగతాది చెప్పాడు.

జోగమ్మ చేతులు ఆగలేదు. "నువ్వు పిల్ల పెళ్ళి కోసం చెప్తన్నావో, నిజమే చెప్తన్నావో నాకెలా తెలుత్తాది? మొన్న పేడాడ అని ఊరుకున్నావు. ఇయ్యాల సనపల అంటన్నావు. రేపు మావోళ్ళు, అన్నకీ సెల్లికీ పెళ్ళి చేసినాదిరా ముసల్ది అంటే ఎవుడొత్తాడు?"

"అమ్మ తోడు పెద్దమ్మా."

"మగోళ్ళ తోడు నాకొద్దు." జోగమ్మ సన్యాసమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పే. నీ పెనిమిటి పేరేటి?"

సన్యాసమ్మ తల దించుకుంది. అటువైపు ఆడవాళ్ళు మొగుడి పేరు ఎత్తరు. ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. ఆస్పత్రిలో నర్సు అడిగినా, ఓటరు లిస్టు వాళ్ళు అడిగినా, సన్యాసమ్మ పక్కింటివాళ్ళ చేత చెప్పించింది గాని తను అనలేదు. మేనబావ కాబట్టి 'బావా' అనే పిలుపుతోనే కాపురమంతా గడిచిపోయింది.

"నీకు తెలీదా పెద్దమ్మా, ఎలాగంటాను?"

"తెలుసు గనకే అడిగినాను. అబద్ధానికైతే ఏ ఆడదీ మొగుడి పేరు నోట పెట్టదు. నీ నోటితో అను, నమ్ముతాను. లేదంటే లేచి ఎల్లిపోండి."

సన్యాసమ్మ పట్టాల వైపు చూసింది. తర్వాత పుస్తె తీసి కళ్ళకి అద్దుకుంది, కొంగు తల మీదికి లాక్కుంది.

"అసిరయ్య" అంది. మళ్ళీ అంది. "సనపల అసిరయ్య."

ఆయన చేతిలో బొగ్గు ఉండ పిండిపిండయి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. అమ్మ పోయాక ఆ పేరు ఎవరి నోటా వినలేదాయన. పెళ్ళాం గొంతులో అయితే అసలు ఎప్పుడూ వినలేదు. "ఆఁ" అన్నాడు, దూరంగా ఎవరో పిలిస్తే పలికినట్టు.

ఇక్కడ్నించి ఆయన్ని నేను కూడా అసిరయ్య అనే అంటాను.

జోగమ్మ చేతులు కడుక్కుని వచ్చి వాళ్ళ ముందు బెల్లంముక్క పెట్టింది. "అయితే వియ్యంకుడివే. కానీ ఒక్క మాట. పెళ్ళిలో పంతులు సనపలోరి పిల్ల అని పదిమందిలో చదవాల. శుభలేఖలో అచ్చు పడాల. లేకపోతే నా మనవడికి సెల్లిని కట్టినట్టే లెక్క."

"పదిమందిలోనే మా బట్టీవోళ్ళందరూ ఉంటారు పెద్దమ్మా. గోవిందరావుంటాడు."

"అదీ తెలుసు. నౌకరీ పోకుండా ఇంకో దారుంది, ఇంటే ఇను." ముసలావిడ గొంతు తగ్గించింది. "సన్యాసమ్మకి అన్న ఉన్నాడు గదా, జగ్గారావు. పిల్ల ఆడి కూతురనీ, మీరు పెంచుకున్నారనీ చెప్పుదాం. ఆడి ఇంటిపేరుతో ఆడే పీటల మీద కూకుని కన్యాదానం చేత్తాడు. మీరు పక్కన నిలబడండి. నువ్వు ధర్మరాజుగానే ఉండు, ఎవుడడుగుతాడు?"

*

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సన్యాసమ్మ ఒకటే మాట. "అన్నయ్యకి కబురెట్టీ బావా. పెద్దమ్మ చెప్పింది బాగుంది."

అసిరయ్య ఆశ్చర్యంగా చూశాడు. "నిజం చెప్పు, నిజం చెప్పు అని చంపేసింది నువ్వే గదే."

"చెప్పినావు గదా, ఆవిడకి చెప్పినావు, చాలు. బంగారురాజు పెళ్ళాం రిక్షా ఎనకాల నడిసెల్లడం నాను చూసినాను. దాని చేతిలో పొయ్యి ఉంది. ఇంకా మంట ఉంది అందులో." సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "పీటల మీద ఎవుడు కూకుంటే ఏటి? పిల్ల మనదే గదా."

ఇంటికొచ్చి కూతురికి చెప్పారు. పెళ్ళి జరుగుతుందన్న మాట దగ్గర సూర్యకాంతం ముఖం కడిగిన అద్దంలా అయిపోయింది. మిగతాది విన్నాక అద్దం మీద మళ్ళీ మబ్బు. కాసేపు వేళ్ళతో బల్ల మీద టైపు కొడుతున్నట్టు కొట్టింది. ఆ తర్వాత తండ్రిని అడిగింది, ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"అప్పగింతలప్పుడు నేను మిమ్మల్ని ఏమని పిలవాలి నాన్నా? మేనత్త మొగుణ్ణి పిలిచినట్టు ఫూఫాజీ అనాలా?"

సన్యాసమ్మ, "ఊరుకోయే" అంది.

"లేదమ్మా, అందరూ ఉంటారు కదా. ముందే తెలిస్తే తప్పు పలకను."

ధర్మరాజన్నప్పుడు పలకడం తనకెంత సులువుగా వచ్చేసిందో అసిరయ్యకి గుర్తుంది. ఒక్కసారి పలికితే చాలు, రెండోసారికి నాలుక అలవాటు పడిపోతుంది. ఈ పిల్లకీ పడిపోతుంది. రేపు దీనికి బిడ్డ పుడితే తాతగారి పేరేమిటని అడిగితే ఏం చెప్తుంది? ఎవరి పేరు చెప్తుంది?

*

ఆ వారం ఆఫ్ శనివారం పడింది. అసిరయ్య బిష్టుపూర్‌లో ప్రెస్సుకి వెళ్ళాడు. అక్కడ తెలుగు అచ్చు లేదు, మనవాళ్ళ శుభలేఖలు కూడా ఇంగ్లీషులోనే వేస్తారు. ప్రెస్సు ముసలాయన బెంగాలీ, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని సీసం అక్షరాలు ఏరుతున్నాడు. సన్యాసమ్మ కాగితం మీద అన్నగారి పేరు సూర్యకాంతం చేత రాయించి జేబులో పెట్టి పంపింది.

"లడ్కీ కే పితా కా నామ్?" అని పెళ్ళికూతురి తండ్రి పేరు అడిగాడు ముసలాయన.

అసిరయ్య జేబు మీద చెయ్యి వేశాడు. వేసి, చెయ్యి అక్కడే ఉంచి, "సనపల అసిరయ్య" అన్నాడు.

మొదటిసారి మెల్లిగా అన్నాడు. ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే రెండోసారి గట్టిగా అనాల్సి వచ్చింది. గట్టిగా అంటే బాగుంది కూడా.

మనవాళ్ళ ఇంటిపేర్లు ఎరిగిన ముసలాయన ఒక్కొక్క అక్షరం ఏరి చట్రంలో పేర్చి, అద్దంలో చదివినట్టు తిరగేసి చదివాడు. "అసిరయ్య సనపల. ఠీక్?"

"నహీఁ నహీఁ. సనపల పహలే."

"అరే, సనపల టైటిల్ హై న? టైటిల్ పీఛే ఆతా హై."

"ఆప్ లోగోఁ మేఁ పీఛే. హమారే మేఁ ఆగే." మీలో వెనక, మాలో ముందు అని. అసిరయ్యకి ఆ హిందీలో ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియలేదు. చేతులతో చూపించాడు. ముందు ఇల్లు కట్టినట్టు, తర్వాత గుమ్మంలోంచి మనిషి బయటికి వచ్చినట్టు. "పహలే ఘర్. ఫిర్ ఆద్మీ."

ముసలాయన నవ్వి అక్షరాలు పీకి మళ్ళీ పేర్చాడు. చిత్తుప్రతి తీసి చేతికిచ్చాడు. అసిరయ్యకి ఇంగ్లీషు చదవడం రాదు. అయినా వేలు పెట్టి మొదటి ముక్క దగ్గర్నించి చివరి ముక్క దాకా తడిమాడు. సిరా అంటింది. గోళ్ళ సందుల్లో తారు పక్కన అది కనపడలేదు.

*

శుభలేఖలు వచ్చిన సాయంత్రం సన్యాసమ్మ వాటి మూలలకి పసుపు రాస్తూంది. కార్డు మీద ఎవరి పేరుందో కూతురు చదివి చెప్పాక గంటసేపు మొగుడితో మాట్లాడలేదు. తర్వాత పసుపు గిన్నె తెచ్చుకుని కూర్చుంది. "అందరికీ ఇద్దువుగాని, గోవిందరావుకి మటుకు వద్దు బావా. ఖరగ్‌పూర్‌లో ఏదో పని చెప్పి పంపించీ ఆ నాలుగు రోజులూ."

"సంబంధం తెచ్చింది ఆడే. ఆడికి ఇవ్వకుండా ఎవుడికిత్తాను?"

"బట్టీవోళ్ళ చేత ఎలాగూ తెలుత్తాదంటావా?"

"తెలుత్తాది. ఎవుడి నోటో తెలిసీ కంటే నా చేతులోంచి తెలిత్తే నయం."

మొదటి కార్డు పట్టుకుని అసిరయ్య రెండిళ్ళ అవతలికి నడిచాడు. గోవిందరావు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి, బనీనుతో కూర్చుని టీ తాగుతున్నాడు. "రా రాజూ, రా" అని స్టూలు జరిపాడు. "ఇదేంటి, కుదిరిపోయిందా? పెద్దావిడ ఎలా ఒప్పుకుంది?"

అసిరయ్య కూర్చోలేదు. రెండు చేతులతో కార్డు ఇచ్చాడు. గోవిందరావు కళ్ళజోడు పెట్టుకుని మూలల పసుపు చూసి నవ్వుతూ చదవడం మొదలుపెట్టాడు. వరుడి పేరు చదివాడు, తలూపాడు. వధువు పేరు చదివాడు. దాని కింద లైను దగ్గర ఆగాడు.

"ఈ సనపల అసిరయ్య ఎవరు?"

"నానే."

గోవిందరావు కార్డు మళ్ళీ చదివాడు. టీ గ్లాసు తీసుకోబోయి తీసుకోలేదు. లోపల్నించి ఆయన భార్య అమ్మణ్ణి, "ఎవరండీ వచ్చింది" అని అడిగింది. వచ్చిన మనిషికి ఏ పేరు చెప్పాలో ఆయనకి ఆ క్షణంలో తెలియలేదు.

"నాకెందుకిచ్చావయ్యా ఇది" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "నేను చూడకపోతే నాకు తెలీకుండా పోయేది. ఇప్పుడు నాకు తెలుసు. బంగారురాజు విషయంలో పైకి రాసింది నేనే. అప్పుడు వాడికి రాసినవాడు, ఇప్పుడు నీకు రాయలేదని రేపు ఎవరన్నా అంటే?"

"నిన్ను ఏమీ చెయ్యమనడానికి రానేదు. పెళ్ళికి పిలవడానికొచ్చినాను. మా పిల్ల పెళ్ళి. నాను పీటల మీద కూకుంటాను. మీ ఇద్దరూ రావాల."

అసిరయ్య దండం పెట్టాడు, ఈసారి చేతులు దాచుకోలేదు. పెట్టి, మెట్లు దిగి, మిగతా కార్డుల కోసం ఇంటి వైపు వెళ్ళిపోయాడు. గోవిందరావు ఒళ్ళో శుభలేఖ అలాగే ఉంది. తెల్లారితే టైమ్ ఆఫీసు తెరవాలి, గేటు దగ్గర అసిరయ్య ధర్మరాజు బిళ్ళ చూపిస్తాడు, ఎదురుగా కూర్చుని హాజరు వెయ్యాల్సింది తనే.

ఆ కుర్చీలో మీరుంటే ఏం చేస్తారు?